బంక కింద బొమ్మ

“ఆ శాలువా పెట్టకమ్మా. అక్కడ చలి ఉండదు.”

“ఉంటే?”

“ఉంటే కొనుక్కుంటాను.”

“కొనుక్కునేదాకా వణుకుతావా?”

తల్లి సంచిలో పెట్టిన శాలువాని చిన్నది తీసి మంచం మీద పడేసింది. తల్లి దాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. సంచిలో ఇంకా చోటుంది. ఆ చోటు ఆమెకి నచ్చలేదు. నిండు సంచి అయితే ఎక్కడికో ఒక చోటికి వెళ్తున్నట్టుంటుంది. సగం సంచి పట్టుకున్న మనిషికి ఇక్కణ్ణించి పోతే చాలు.

రైలు ఒంటిగంటకి. ఇప్పుడు ఎనిమిదిన్నర.

“బిస్కెట్ డబ్బాల మీద రంగులు సరిగ్గా పడ్డాయో లేదో చూడ్డానికా నువ్వు ఐదేళ్ళు చదివింది?” అంది తల్లి.

“డిగ్రీ లేనివాళ్ళకి డబ్బాలు చూపించడమే ఎక్కువ.” చిన్నది గొంతు పెంచింది, పక్కగదికి వినబడాలని. “రాళ్ళ మాస్టారి కూతుర్నని చెప్తే కుర్చీ వేసి కూచోబెడతారేమో అడుగుతాను.”

పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. అంతే. ఐదు రోజులుగా ఆ కుర్చీ చప్పుడే ఆ ఇంట్లో ఆయన మాట.

విశ్వవిద్యాలయంలో ఆయన్ని అందరూ రాళ్ళ మాస్టారనే పిలుస్తారు. నిజానికి మాస్టారు కాదు, పాఠం చెప్పే ఉద్యోగమూ కాదు. ప్రభుత్వ కళా డిజైను విశ్వవిద్యాలయంలో అచ్చు శాఖకి ఒక రాళ్ళగది ఉంది. విద్యార్థులు సున్నపురాయి పలకల మీద జిడ్డు సుద్దతో బొమ్మ వేసి, రోలరుతో సిరా ఎక్కించి, కాగితం మీద అచ్చు తీస్తారు. కావలసినన్ని అచ్చులు అయ్యాక ఆ రాయి ఆయన దగ్గరికి వస్తుంది. నీళ్ళూ ఇసకరజనూ పోసి, బరువైన ఇనపబిళ్ళ గుండ్రంగా తిప్పితిప్పి, ఆ బొమ్మని రాతిలోంచి తీసేసి, ఇంకొకరికి నున్నటి రాయి అందిస్తారు. ముప్పై ఆరేళ్ళుగా అదే పని.

ఆ గదికి ఒకటే కట్టుబాటు. బొమ్మ ఎవరిదో వాళ్ళే తమ చేత్తో రాయి మీద ఈ మూల నుంచి ఆ మూలకి రెండు అడ్డగీతలు గీయాలి. ఆ గీతలు పడకుండా ఆ రాయిని ఎవరూ అరగదీయకూడదు.

పోయిన శనివారం ఆ కట్టు తప్పింది. నాలుగు నెలలు కూచుని చిన్నది వేసిన పరీక్ష బొమ్మ, ఇంకా ఒక్క అచ్చైనా తీయని బొమ్మ, తండ్రి చేతుల కింద అరిగిపోయింది. ఈ ఏటితో రాతి అచ్చు కోర్సు ఎత్తేస్తున్నారు. చిన్నదీ, ఇంకో అమ్మాయీ ఆఖరి జట్టు. ఈసారి తప్పితే మళ్ళీ రాయడానికి కోర్సే ఉండదు.

ఎందుకు చేశావని అడిగితే ఆయన కూతురితో అన్నది ఒకటే మాట. “బాగాలేదు. అందుకే తీసేశాను. ఖాళీ గది, ఖాళీ పీట, మనిషన్నవాడు లేడు. అదొక బొమ్మా?”

అది అబద్ధమని తల్లి ఒక్కదానికే తెలుసు.

శనివారం సాయంత్రం ఆయన చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. “చిన్నదాని రాయి తీసేశానే. కనబడలేదు. నా కళ్ళకి ఏమీ కనబడలేదు,” అన్నారు. పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన చెప్పులతో వంటింట్లోకి రావడం అదే మొదలు. “ఎవరికీ చెప్పకు. నేను నీ దగ్గర ఎప్పుడైనా ఏమైనా అడిగానా? ఇది అడుగుతున్నా.”

అడగలేదు, నిజమే. కూరలో ఉప్పు తక్కువైనా అడిగే మనిషి కాదు.

ఆయన కంటిచూపు తగ్గి ఏడాది దాటింది. ఆ సంగతి దాచడంలో ఆమెకీ సగం పాలుంది. ఉత్తరాలు తనే చదివేది. మెట్లు దిగేటప్పుడు ఏదో పనున్నట్టు తనే ముందు నడిచేది. రాళ్ళగదిలో ఎలా నెట్టుకొస్తున్నారని అడిగితే ఆయన బొటనవేలు పైకెత్తి చూపించేవారు. “ఇది చూస్తుందిలే. తడిపిన రాయి మీద జిడ్డు ఉన్నచోట వేలు జారుతుంది. లేనిచోట రాయి వేలిని పట్టుకుంటుంది. కళ్ళకంటే ఇదే నయం.”

శనివారం ఆ వేలితో చూడలేదు. అది ఆయన తప్పు. చూడనివ్వనంత తొందర పెట్టిన వాడు ఇప్పుడు వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

పెద్దాడు. వాడూ ఆ విశ్వవిద్యాలయంలోనే, కొత్త భవనంలో పాఠాలు చెప్తాడు. వందేళ్ళ పండగకి విశ్వవిద్యాలయం చరిత్ర రాసే పని కూడా వాడి నెత్తినే పెట్టారు.

“ఎక్కడికే ఈ సంచి?” అన్నాడు చెల్లెల్ని చూసి.

“నీ చరిత్రలో లేని ఊరికి.”

“వేళాకోళం తర్వాత. నాన్నేడి? పదకొండుకి కమిటీ కూచుంటోంది. నీ సంగతి ఇవాళ తేల్చేస్తారు.” జేబులోంచి ఒక కాగితం తీశాడు. “దీని మీద నాన్న సంతకం పెడితే చాలు. ఉద్యోగి పొరపాటు వల్ల పని పాడైతే విద్యార్థికి ఇరవై ఒక్క రోజులు గడువివ్వచ్చని నిబంధన ఉంది. కొత్త రాయి తీసుకుని మళ్ళీ వేసుకోవచ్చు.”

“కావాలని చేస్తే?”

“కావాలని చేస్తే విచారణ. విచారణంటే ఆర్నెల్లు. ఆర్నెల్లకి ఆ శాఖే ఉండదు. నేను నాలుగు రోజులుగా చెప్తున్నది అదే కదా!”

చిన్నది చేతిలో ఉన్న బట్టలు మంచం మీద పెట్టింది. అంతమాత్రానికే తల్లికి ఆశ పుట్టింది. పక్కగది తలుపు తీసే ఉంది. ముగ్గురూ అటు నడిచారు.

ఆయన కిటికీ పక్కన కూచుని ఉన్నారు. మోకాళ్ళ మీద ఆ చేతులు. వేళ్ళ చివర్లు తెల్లగా, గీతలన్నీ చెరిగిపోయి నున్నగా ఉంటాయి, రాళ్ళతోపాటు అవీ అరిగాయి.

“నాన్నా, ఇక్కడ సంతకం పెట్టు.”

“ఏంటది?”

“పొరపాటున అరగదీశానని.”

“పొరపాటా?” ఆయన నవ్వారు. “ముప్పై ఆరేళ్ళలో ఎంతమంది రాళ్ళు నా చేతిమీదుగా వెళ్ళాయో నీ పుస్తకంలో రాశావా? ఒక్కటి చూపించు, నేను పొరపాటు చేసింది.”

“ఒక్కటి చాలు నాన్నా. మొన్న శనివారంది.”

“అది పొరపాటు కాదు. బాగాలేదని తీశాను. నా కూతురు గనక తీశాను. పరాయి పిల్ల అయితే ఎలా పోతే నాకేం?”

“ఇదేం ప్రేమ నాన్నా!” చిన్నది ముందుకొచ్చింది. “బాగాలేకపోతే నోటితో చెప్పచ్చుగా? టర్పెంటైనుతో తుడిచి, బంక పూసి, ఆరబెట్టి వెళ్ళాను. పైకి నలుపు పోతుంది గానీ బొమ్మ రాతిలో జిడ్డుగా ఉంటుందని నాకు చెప్పింది నువ్వు. ఖాళీ రాయిలా కనిపిస్తుంది, వెలుగుకి ఏటవాలుగా వంచి చూస్తే నీడలా తేలుతుంది, అని చూపించింది నువ్వు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సోమవారం సిరా ఎక్కించి అచ్చు తీద్దామనుకున్నా. ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించమంది నా స్నేహితురాలు. మా నాన్నకి కాగితం పెట్టాలా అన్నాను. నలుగురిలో అన్నాను నాన్నా!”

ఆయన కిటికీ వైపు తిరిగారు.

“అసలు ఇదంతా ఖాళీ రాళ్ళ జాబితా వల్ల వచ్చింది,” అన్నాడు పెద్దాడు, ఎవరో తనని అడిగినట్టు. “కొత్త భవనం ముంగిట పరచడానికి పద్దెనిమిది రాళ్ళు చదును చేసి ఇమ్మన్నాం. శనివారంలోగా కావాలన్నాం. అది నా ఒక్కడి నిర్ణయం కాదు.”

“బొమ్మలు మోసిన రాళ్ళ మీద చెప్పులేసుకుని నడుస్తారు,” అన్నారు ఆయన. “ఏం కోర్సులురా ఆ కొత్త భవనంలో? మళ్ళీ చెప్పు, మీ అమ్మ వింటుంది.”

“ఇప్పుడెందుకు?”

“చెప్పు.”

“ఆటల డిజైను. తెర డిజైను. సేవల డిజైను. అనుభవ డిజైను.”

“అనుభవం కూడా తయారుచేస్తార్ట! నాకు ముప్పై ఆరేళ్ళది ఉంది, పాతది. కొంటారేమో అడుగు.”

“నీ వెటకారానికేం గానీ, కోర్సుకి చేరేవాళ్ళు ఉండద్దా? రాతి అచ్చుకి ఇద్దరు. నేత శాఖకి నలుగురు. మట్టిపనికి బట్టీ ఉంది, పిల్లలు లేరు. తెర డిజైనుకి ఒక్క సీటుకి నలభైమంది పోటీ. ప్రభుత్వం ఏం చేస్తుంది?”

“ఈ చోటు ఎలా మొదలైందిరా? నీ పుస్తకంలో మొదటి పేజీ చదువు.”

పెద్దాడు విసుగ్గా, కంఠతా వచ్చినట్టు చెప్పాడు. “ధాన్యం గిడ్డంగిలో సాయంత్రపు బొమ్మల తరగతిగా మొదలై, ముందు బడిగా, తర్వాత కళాశాలగా, ఆపైన తొమ్మిది శాఖల విశ్వవిద్యాలయంగా...”

“ఎవరికోసం ఆ తరగతి?”

“స్థానిక కళాభిమానుల కోసం.”

“తప్పు. బళ్ళకి రంగులేసేవాళ్ళు, గుడ్డల మీద అచ్చులేసేవాళ్ళు, దుకాణాల పేరుబల్లలు రాసేవాళ్ళు. పదకొండుమంది. పగలంతా పని చేసి, సాయంత్రం చేతులు కడుక్కుని వచ్చి కూచునేవాళ్ళు. వాళ్ళకి డిగ్రీలు లేవు, అభిమానాలూ లేవు. ఆకలుంది. కళాశాల వచ్చాక కూడా ఆ సాయంత్రపు తరగతి నడిచింది, దాని ఆఖరి జట్టులోవాణ్ణి నేను. నన్నెక్కడ రాశావు?”

పెద్దాడు కాగితం వంక చూశాడు.

“‘సహాయక సిబ్బంది’ అని ఉంది,” అంది చిన్నది మెల్లిగా. “అనుబంధంలో. నేను చూశాను.”

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. తల్లి కదల్లేదు.

“సంతకం పెడతావా, పెట్టవా?” అన్నాడు పెద్దాడు చివరికి.

“పెట్టను. పొరపాటు చేశానని నా చేత్తో రాయను.”

“సరే.” చిన్నది వెనక్కి తిరిగింది. “అమ్మా, ఆ శాలువా ఇటివ్వు. సంచి మూసేస్తాను.”

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. తల్లికి అది తెలుసు. ఒకవైపు ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన అడిగిన ఒక్క మాట. ఇంకోవైపు, నాన్న తన బొమ్మని అసహ్యించుకున్నాడని నమ్మి, ఆ నమ్మకంతోనే రైలెక్కబోతున్న పిల్ల. అలా వెళ్ళిన పిల్ల పండగలకీ పబ్బాలకీ రాదు. వచ్చినా ఈ గదిలోకి రాదు.

“ఆయనకి కనబడదు,” అంది తల్లి.

“ఏంటీ?”

“మీ నాన్నకి కళ్ళు కనబడవు. ఏడాదై. శనివారం అది ఖాళీ రాయి అనుకున్నారు. బొమ్మ బాగుందో లేదో ఆయన అసలు చూస్తేగా! నువ్వేం వేశావో నువ్వు మాటల్లో చెప్పినదే ఆయనకి తెలుసు.”

ఆయన కుర్చీలోంచి లేచారు. “పిచ్చిదానిలా వాగకు.”

“వాగుతాను. ఐదు రోజులు మింగలేక కక్కలేక చచ్చాను.”

“నా కళ్ళు భేషుగ్గా ఉన్నాయి.”

“అయితే వాడి చేతిలో కాగితం ఏ రంగులో ఉందో చెప్పండి.”

“తెలుపు.”

కాగితం పసుపుపచ్చది. విశ్వవిద్యాలయం దరఖాస్తులన్నీ ఆ రంగులోనే ఉంటాయి. పెద్దాడు దాన్ని మెల్లిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిన్నది తండ్రి దగ్గరికి వచ్చింది.

“నాన్నా...” అంది. “నాకు చెప్తే నేను నిన్ను ఏమన్నా అనేదాన్నా?”

“మీ అమ్మ మాట నమ్ముతావా, నా మాట నమ్ముతావా?” ఆయన గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువగా ఉంది. “పసుపు కాగితం వెలుగులో తెల్లగానే ఉంటుంది. కాగితాలు చూడ్డం నా పని కాదు. రాళ్ళు చూడమను. ఎవరినైనా రమ్మను. మీ హెడ్ మేడమ్‌ని రమ్మను. ఏ రాయి అయినా పెట్టమను నా ముందు.”

పెద్దాడు ఫోను తీసుకుని వీధిలోకి వెళ్ళాడు. ఐదు నిమిషాల తర్వాత తిరిగొచ్చాడు.

“మేడమ్ ఒప్పుకుంది. కమిటీకి ముందే రాళ్ళగదిలో చూస్తానంది. రెండు రాళ్ళు పెడుతుంది. ఒకటి ఖాళీ. ఒకటి బంక కింద బొమ్మ ఉన్నది. నాన్న ఏది ఏదో చెప్పాలి. చెప్పలేకపోతే చూపు లోపమని ఆవిడే రాస్తుంది, సంతకం అక్కర్లేదు, చిన్నదానికి గడువొస్తుంది.”

“చెప్తే?”

“చెప్తే నాన్న కళ్ళు బాగున్నట్టే. కావాలని చేసినట్టే.” పెద్దాడు చెల్లెలి వైపు చూడలేదు. “అప్పుడు నీ రైలు నీకుంది.”

ఆయన అప్పటికే చొక్కా వేసుకుంటున్నారు. గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకున్నారు. తల్లి సరిచేయబోతే చెయ్యి తోసేశారు.

రాళ్ళగది పాత గిడ్డంగిలో మిగిలిన భాగం. గోడలు మందం, కిటికీలు ఎత్తున, నేల ఎప్పుడూ తడి. తల్లి ఇన్నేళ్ళలో క్యారేజీ ఇవ్వడానికి గుమ్మందాకా రావడమే గానీ లోపలికి అడుగుపెట్టింది ఇవాళే. అరలు సగం ఖాళీ అయిపోయాయి. కిటికీ దగ్గర ఒక ముక్కాలి పీట ఉంది. బొమ్మలో చిన్నది వేసిన పీట అదే అయ్యుండాలి అనుకుంది.

అచ్చు శాఖ హెడ్ మేడమ్ అరవై దగ్గరపడ్డ మనిషి. ఒకప్పుడు ఆ గదిలోనే విద్యార్థిని. ఆవిడ మొదటి రాయి తయారుచేసి ఇచ్చిందీ ఆయనే.

“క్షమించండి మాస్టారూ,” అంది. “మిమ్మల్ని ఇలా పరీక్షించడం నాకు తలకొట్టేసినట్టుంది.”

“ఫరవాలేదమ్మా. పరీక్షల నెలేగా.”

ఒకరిద్దరు నవ్వారు. తలుపు దగ్గర శాఖలోని జనం చేరారు. పెద్దాడు వాళ్ళని పొమ్మనలేదు.

బల్ల మీద రెండు రాళ్ళు పక్కపక్కన. రెండూ ఒకే బూడిదరంగు, ఒకే కొలత. తల్లికి రెండింటికీ తేడా తెలియలేదు. చిన్నదానికి తెలిసిందని మాత్రం తెలిసింది. ఎడమ రాయిని ఒక్క క్షణం చూసి గబుక్కున కళ్ళు దించేసుకుంది.

“చూసి చెప్పండి మాస్టారూ. బొమ్మ ఏ రాతిలో ఉంది?”

ఆయన బల్ల దగ్గరికి నడిచారు. ఆ గదిలో ఆయన దేన్నీ తడుముకోలేదు. తల పక్కకి వంచి, కిటికీ వెలుగుకి ఎదురుగా, ఎప్పటిలా ఏటవాలుగా చూశారు. ముందు కుడిది. తర్వాత ఎడమది. చాలాసేపు చూశారు. ఆయన కనుబొమల మధ్య చెమట పట్టింది.

“బంక ఆరిపోయి ఉంది. కాస్త తడుపుతాను,” అన్నారు.

“తడపండి.”

స్పాంజి ముంచి రెండు రాళ్ళ మీదా తుడిచారు. తుడుస్తూ తుడుస్తూ, స్పాంజి చాటున, బొటనవేలు రాతికి ఆనించారు. ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తెలియదు. తల్లికి తెలుసు.

కుడి రాయి మీద వేలు ఆ చివర నుంచి ఈ చివరకి తడబడుతూ, ఆగుతూ వచ్చింది. రాయి వేలిని పట్టుకుంటోంది.

ఎడమ రాయి మీద మధ్యలో ఒకచోట జారింది. ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ జారింది. అక్కణ్ణించి వేలు కిందికి దిగింది, పక్కకి తిరిగింది, మళ్ళీ పైకి ఎక్కింది. కనబడని గీత వెంట అది నడుస్తోంది. ఆయన ముఖంలో బిగువు సడలింది. భుజాలు దిగాయి. ఐదు రోజుల తర్వాత ఆయన ముఖం ఆయన ముఖంలా అయింది.

తల్లి అర్థం చేసుకుంది. తెలిసిపోయింది ఆయనకి. ఇప్పుడు ఎడమది అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. పిల్ల రైలెక్కుతుంది.

ఆయన తలెత్తి చిన్నది ఉన్నవైపు చూశారు. ఆమె ఎక్కడ నిలబడిందో ఊపిరి చప్పుణ్ణి బట్టి తెలిసి ఉంటుంది.

“ఇది,” అన్నారు. చెయ్యి కుడి రాయి మీద పెట్టారు.

హెడ్ మేడమ్ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

“ఇంకోసారి చూడండి మాస్టారూ. తొందరేం లేదు.”

“చూశానమ్మా. ఇదే. బొమ్మ చక్కగా కనబడుతోంది.”

తలుపు దగ్గర ఎవరో “అయ్యో” అన్నారు. మేడమ్ రోలరు తీసి, తడి ఆరకుండానే ఎడమ రాయి మీద రెండుసార్లు దొర్లించింది. నల్లగా ఒక చెట్టుకొమ్మ తేలింది, దాని మీద ఒక పిట్ట. కుడి రాయి ఖాళీగానే ఉండిపోయింది, ఆయన చెయ్యి దాని మీదే ఉంది.

“సారీ మాస్టారూ,” అంది మేడమ్. పెద్దాడి వైపు తిరిగింది. “రాసుకో. చూపు పూర్తిగా మందగించింది. ఇవాళ పద్దెనిమిదో తేదీ నుంచి విధులకి విరామం. విద్యార్థినికి ఇరవై ఒక్క రోజులు.”

పెద్దాడు రాసుకున్నాడు. పసుపు కాగితం వెనకే రాసుకున్నాడు.

చిన్నది పరుగెత్తుకెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. “నాన్నా, నన్ను క్షమించు నాన్నా. నిన్నెన్ని మాటలన్నాను! నీకు కనబడదని తెలియక...”

“కొత్త రాయి మూడో అరలో ఉంది,” అన్నారు ఆయన. “నున్నగా తీసి పెట్టాను. ఈసారి కాగితం అంటించు.”

“అంటిస్తాను.”

“పీట మీద ఎవర్నైనా కూచోబెట్టు.”

చిన్నది ఏడుస్తూ నవ్వింది. జనం దారి ఇచ్చారు. గుడ్డివాళ్ళకి ఇచ్చినట్టు, అవసరమైన దానికంటే ఎక్కువ దారి ఇచ్చారు. ఎవరో వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నారు, గుమ్మం దాటించడానికి. ముప్పై ఆరేళ్ళు ఆయన దాటిన గుమ్మం. “ఇక్కడ మెట్టుంది మాస్టారూ, జాగ్రత్త,” అన్నారు. ఆయన వద్దనలేదు.

నడవాలో తల్లి ఎదురైంది. ఆ మనిషి చెయ్యి వదిలించుకుని ఆయన ఆగారు. ఇద్దరే ఉన్నారు.

“చూశావా?” అన్నారు, పెదాలు కదలకుండా.

“చూశాను.”

“వేలు?”

“చూశానండీ. మీకు తెలిసింది. ఎడమదని తెలిసింది.”

“అయితే ఈసారైనా నోరు మూసుకో.”

ఆమెకి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే గుడ్డివాణ్ణి నడిపించినట్టుంటుందని భయపడింది. ఆ భయంలో ఒక్క నిమిషం గడిచిపోయింది.

“మీరు ఇంటికి పదండి. నేనూ వస్తాను,” అంది.

“నువ్వు దానితో ఉండు. అది రాయి మొయ్యలేదు, సాయం పట్టు. నేను చేతులు కడుక్కుంటాను.”

ఆమె లోపలికి వెళ్ళింది. చిన్నదీ, తనూ, మూడో అరలోంచి రాయి దించారు. చిన్నది దాన్ని బల్ల మీద పెట్టి, అరచేత్తో నిమిరి, “చూడమ్మా, ఎంత నున్నగా తీశాడో! కళ్ళు లేకుండా ఎలా తీశాడు?” అంది. తల్లి జవాబు చెప్పలేదు. చెప్తే ఇరవై ఒక్క రోజులూ పోతాయి. ఒక గుట్టు విప్పి ఒకరిని నిలబెట్టుకుంది; దాని వెనకే ఇంకో గుట్టు వచ్చి ఆమె నోటికి తాళం వేసింది. ఇది ఆమె చచ్చేదాకా మోయవలసిన తాళం.

ఒంటిగంట రైలు చిన్నది లేకుండానే వెళ్ళిపోయింది.

మూడింటికి ఇద్దరూ ఇంటికి వచ్చారు. కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దాడు ఊరంతా వెతికాడు. మూడో రోజున ఆయన తమ్ముడి దగ్గర్నుంచి కబురు వచ్చింది: అన్నయ్య మా ఇంట్లో క్షేమంగా ఉన్నాడు, రమ్మంటే రానంటున్నాడు, వదినని కంగారు పడవద్దన్నాడు. చిన్నది రెండుసార్లు వెళ్ళింది, పెద్దాడు నాలుగుసార్లు వెళ్ళాడు. ఆయన వాళ్ళతో బాగానే మాట్లాడారు. అందరి క్షేమం అడిగారు. లేచి రాలేదు.

చిన్నదాని బొమ్మ గడువులోపలే పూర్తయింది. పన్నెండు అచ్చులు తీసింది. డిగ్రీ వచ్చింది.

ఆయన ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. ఆ రోజు విశ్వవిద్యాలయం గేటు దాటి ఎడమవైపు వెళ్ళారని కాపలా మనిషి చెప్పాడు. అది పరీక్షల నెల పద్దెనిమిదో తేదీ, గురువారం, పగలు పదకొండుంపావు.